ఫిడేలు నాయుడు గారు: గిటార్ కొత్తగా పట్టినవాళ్ళ కోసం ఒక జీవితం

హాస్టల్లో ఏ ఫ్లోర్‌కి వెళ్ళినా ఒక గిటార్ కనిపిస్తుంది. దాని ఓనర్ ఏ మూడు నెలల కిందటో చాలా హుషారుగా కొనుక్కుని ఉంటాడు. జి, డి, ఈ మైనర్, సి అనే నాలుగు కార్డ్స్ కొద్ది రోజుల్లో వచ్చేస్తాయి. ఆ నాలుగుతో బోలెడు సినిమా పాటలు ఎలాగోలా లాగించొచ్చు. తర్వాత ఎఫ్ కార్డ్ వస్తుంది. చూపుడు వేలిని అడ్డంగా పెట్టి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి. రెండు తీగలు మోగుతాయి, మిగతావి టప్ టప్ మంటాయి. వేళ్ళు మండుతాయి. చాలా గిటార్లు అక్కడి నుంచి నేరుగా మంచం కిందకి పోతాయి.

ఎఫ్ కార్డ్ ఎలా పట్టాలో చెప్పే వీడియోలు వందల్లో ఉన్నాయి కాబట్టి నేను అది చెప్పను. ఒక మనిషి గురించి చెప్తాను. ఆయన గిటార్ వాయించలేదు, వయొలిన్ వాయించారు. కానీ మనం గిటార్ దగ్గర పడే ఇబ్బందులన్నీ ఆయన వయొలిన్ దగ్గర ఉన్నాయి. వేరే దేశం నుంచి వచ్చిన తీగల వాయిద్యం, అరిగిపోయే వేళ్ళు, ఎంతకీ సరిగ్గా పలకని ధ్వని. వీటికి తోడు ఆయనకి కళ్ళు సరిగ్గా కనపడవు. ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. తెలుగువాళ్ళు ప్రేమగా ఫిడేలు నాయుడు గారు అని పిలుచుకున్నారు.

బయటి నుంచి వచ్చిన పెట్టె

నాయుడు గారు 1893 నవంబర్ 8న బెంగళూరులో పుట్టారు. ఆ రోజు దీపావళి. తండ్రి సైన్యంలో పనిచేసినవారు. తర్వాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. అన్నగారు వెంకటకృష్ణయ్య వయొలిన్ వాయించేవారు. తమ్ముడికి మొదటి పాఠాలు ఆయన దగ్గరే.

అప్పటికి వయొలిన్ మన సంగీతంలోకి వచ్చి దాదాపు వందేళ్ళు అయింది. అంతకుముందు అది పూర్తిగా యూరప్ వాళ్ళ వాయిద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ వాద్యకారుడి దగ్గర దాన్ని నేర్చుకుని మన కీర్తనలకి వాడడం మొదలుపెట్టారు. అంటే ఇవాళ ఏ కచేరీలో చూసినా కనిపించే వయొలిన్ కూడా ఒకప్పుడు మన గిటార్ లాగే బయటి నుంచి వచ్చిన పెట్టె. గిటార్ మన సంగీతానికి పనికిరాదు అని ఎవరైనా అంటే ఈ విషయం గుర్తు చేయండి.

మనవాళ్ళు ఆ పెట్టెని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. రెండు మార్పులు చేశారు. యూరప్‌లో నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్ళు నేల మీద కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదం దగ్గర ఆనించి, రెండో చివరని ఎడమ భుజం దగ్గర ఆనిస్తారు. ఇలా చేస్తే వాయిద్యం బరువు ఎడమ చేతి మీద పడదు. చెయ్యి తీగ మీద పైకీ కిందకీ ఫ్రీగా జారుతుంది. మన రాగాలకి గమకం కావాలి, అంటే స్వరాన్ని ఊపాలి, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారాలి. దానికి ఈ ఫ్రీడమ్ తప్పనిసరి.

రెండో మార్పు శృతిలో. వెస్ట్రన్ వయొలిన్‌లో నాలుగు తీగలకి నాలుగు వేర్వేరు స్వరాలు. మనవాళ్ళు వాటిని స, ప, స, ప అని పెట్టుకున్నారు. రాక్ బ్యాండ్ వాళ్ళు పవర్ కార్డ్ అంటారు కదా, అందులో ఉండేది సరిగ్గా ఈ రెండు స్వరాలే, షడ్జమం, పంచమం. మన సంగీతంలో కార్డ్స్ లేవంటారు, అది నిజమే. ఒక పాట నడుస్తుంటే కింద కార్డ్స్ మారుతూ ఉండే పద్ధతి మనకి లేదు. కానీ స, ప కలిసి మోగుతూ ఉండే ఆ పునాది మీదే మన పాట మొత్తం నిలబడుతుంది. తంబురా చేసేదీ అదే పని.

మాది తుమ్మలపల్లె. పేపర్లో మా ఊరి పేరు వచ్చిందంటే యురేనియం గని గురించే. గిటార్ నేర్పేవాళ్ళు నాకు తెలిసి మా ఊళ్ళో ఎవరూ లేరు. కానీ మా వైపు ఊళ్ళలో రాత్రిపూట గుళ్ళో భజన జరిగేటప్పుడు హార్మోనియం పట్టుకున్నాయన ముందు రెండు మెట్లు నొక్కి వదలకుండా అలా పట్టుకుంటాడు. అందరూ ఆ ధ్వనిలో గొంతు కలిపాకే పాట మొదలవుతుంది. ఆయన నొక్కేది స, ప. కార్డ్ అనే మాట తెలియకుండానే మన చెవి ఆ ధ్వనికి చిన్నప్పటి నుంచీ అలవాటు పడి ఉంటుంది. సి మేజర్ కార్డ్ అంటే ఆ రెండింటి మధ్యలో అంతర గాంధారం చేర్చడమే.

కళ్ళు లేని చోట చెవి

నాయుడు గారికి చిన్నప్పటి నుంచే చూపు చాలా తక్కువ. దానివల్ల బడి చదువు సాగలేదు. వంద ఏళ్ళ కిందట, చూపు మందగించిన పిల్లవాడికి, చదువు లేకపోతే ఇంకేం దారి ఉంటుందో ఊహించండి. వయొలిన్ ఆయనకి హాబీగా మొదలవలేదు. బతకడానికి చేతిలో మిగిలిన దారి అది.

ఇక్కడ వయొలిన్ గురించి ఒక విషయం తెలియాలి. గిటార్ మీద ఫ్రెట్స్ ఉంటాయి. రెండు ఫ్రెట్స్ మధ్య ఎక్కడ నొక్కినా వచ్చే స్వరం ఒకటే. ఒక్కో ఫ్రెట్ దాటితే ఫ్రీక్వెన్సీ సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది, పన్నెండు దాటితే సరిగ్గా రెట్టింపు. ఆ లెక్క అంతా గిటార్ తయారుచేసినవాళ్ళు ముందే వేసి మెడ మీద బిగించేశారు. మనం చూసి వేలు పెడితే చాలు.

వయొలిన్ మెడ నున్నగా ఉంటుంది. గీత లేదు, గుర్తు లేదు. వేలు ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే అపస్వరం. కళ్ళు బాగా ఉన్నవాళ్ళకి కూడా అక్కడ కళ్ళు పనికిరావు. వేలు ఎక్కడ ఉందో చెప్పేది చెవి ఒక్కటే. కాబట్టి మిగతా అన్ని చోట్లా వెనకబడిన ఆ పిల్లవాడు ఈ ఒక్క చోట అందరితో సమానం. రోజుకి కొన్ని గంటల సాధనతో ఆయన ఆ చెవిని తయారుచేసుకున్నారు.

ఇంకో తమాషా ఏంటంటే ఫ్రెట్స్ మీద వచ్చే స్వరం కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. స్వచ్ఛమైన అంతర గాంధారం ఫ్రీక్వెన్సీ షడ్జమానికి 1.25 రెట్లు ఉండాలి. గిటార్ మీద అది 1.26కి దగ్గరగా వస్తుంది, అంటే కొంచెం ఎక్కువ. అన్ని కార్డ్స్ ఒకే గిటార్ మీద రావాలంటే ఆ చిన్న సర్దుబాటు తప్పదు. వయొలిన్‌లో ఆ సర్దుబాటు అక్కర్లేదు. చెవి ఎంత స్వచ్ఛంగా ఉంటే స్వరం అంత స్వచ్ఛంగా వస్తుంది. చెవి తప్పితే స్వరం కూడా అంతే తప్పుతుంది.

శరీరంలో ఒక లోటు ఉండి, దాని చుట్టూ దారి వేసుకున్నవాళ్ళు గిటార్ లోకంలో కూడా ఉన్నారు. యూరప్‌లో జాంగో రైన్‌హార్ట్ అని ఒక జిప్సీ గిటారిస్ట్ ఉండేవాడు. 1928లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆయన ఉంటున్న బండి తగలబడి ఎడమ చేతిలో రెండు వేళ్ళు దాదాపు పనికిరాకుండా పోయాయి. మామూలు కార్డ్ షేప్స్ పట్టడం ఇక కుదరదు. ఆయన మిగిలిన రెండు వేళ్ళతో సోలోలు వాయిస్తూ, కార్డ్స్ పట్టడానికి కొత్త పద్ధతులు కనిపెట్టుకుని జాజ్‌లో ఒక దారే వేశాడు. 1934లో ఆయన మొదలుపెట్టిన బ్యాండ్‌లో ఆయనకి జోడీ ఎవరో తెలుసా? స్టెఫాన్ గ్రాపెల్లీ అనే వయొలినిస్ట్. ఇద్దరి వేళ్ళ లెక్క చూస్తే మనకి నాలుగు వేళ్ళూ బాగుండి ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోవడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

విజయనగరం

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. అది పెట్టడానికి కారణంగా అక్కడ చెప్పుకునే కథ ఒకటుంది. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదట. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలనే ఆలోచన పెరిగి పెరిగి కాలేజీ అయిందట. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు.

ఆ ఏడాదే నాయుడు గారు ఆ కాలేజీకి వచ్చారు. అప్పటికి వయసు 26 దగ్గర. ఆయన అక్కడ చేరాలనుకున్నది విద్యార్థిగా అనీ, దాసు గారు ఆయన వాయించింది విని ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారనీ చెప్తారు. కథలో వివరాలు ఎలా ఉన్నా, ఫలితం మాత్రం రికార్డులో ఉంది. పెద్ద డిగ్రీ ఏమీ లేని, చూపు సరిగ్గా లేని ఒక కుర్రాడు కాలేజీలో గురువు అయ్యాడు. 1936లో దాసు గారి తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. మన ఘంటసాల సంగీతం చదువుకున్నది ఈ కాలేజీలోనే.

ఆ ఉద్యోగం ఆయన సాధనని ఆపలేదు. నాయుడు గారి పేరు చెప్తే విన్నవాళ్ళు ముందు తలుచుకునేది ఆయన వేగాన్ని కాదు, నాదాన్ని. ఒక్క స్వరం మీద కమాను ఈ చివరి నుంచి ఆ చివరి వరకూ లాగితే ఎక్కడా తెగకుండా, వణకకుండా, నిండుగా మోగేది. దీనికోసం ఆయన యూరప్ వయొలిన్ వాళ్ళ కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించారు. పొడుగైన కమాను వాళ్ళ దగ్గర నుంచి తీసుకున్నారు, గమకం మన దగ్గర ఉన్నదే. రెండింటినీ కలిపితే వయొలిన్ మనిషి గొంతులా పాడింది.

కమాను పని ఎందుకంత కష్టమో చూద్దాం. కమానుకి కట్టిన గుర్రపు వెంట్రుకలకి రాజనం లాంటి జిగురు పూస్తారు. అది తీగని పట్టుకుని కొంచెం లాగుతుంది, తీగ జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఇది సెకనుకి వందల సార్లు జరుగుతుంది. బరువు ఎక్కువైతే కీచుమంటుంది, తక్కువైతే ఈల వేసినట్టు సన్నగా వస్తుంది. కమాను నడుస్తున్నంతసేపూ ప్రతి క్షణం చెయ్యి బరువుని సరిచేసుకుంటూ ఉండాలి. గిటార్ తీగని మీటితే మోగి తనంతట తనే తగ్గిపోతుంది, మన పని మీటే ఆ క్షణంలో అయిపోతుంది. అందుకే గిటార్ మొదటి రోజే కొంచెం బాగా వినిపిస్తుంది, వయొలిన్ మొదటి ఏడాది పక్కింటివాళ్ళని ఏడిపిస్తుంది. నాయుడు గారు ఆ ఏడాదిని దాటి కొన్ని దశాబ్దాల పాటు అదే ఒక్క విషయం మీద పనిచేశారు.

పక్కన ఉన్నది ముందుకొచ్చిన రోజు

కచేరీలో వయొలిన్‌ది పక్కవాద్యం స్థానం. మధ్యలో గాయకుడు పాడతాడు, పక్కన వయొలిన్ ఆయన వెనకే నడుస్తుంది. నాయుడు గారు కూడా గాత్రం పక్కన ఎన్నో కచేరీలు చేశారు. కానీ పాటకి తోడుగా పుట్టిన వాయిద్యం తనే పాట కాగలదా అనే ప్రశ్నకి ఆయన కమాను దగ్గర జవాబు ఉంది. 1938లో వేలూరులో ఆయన మొదటిసారి సోలో వయొలిన్ కచేరీ చేశారు. అప్పటికి ఆయనకి నలభై అయిదేళ్ళ దగ్గర. గురువు అయిన పంతొమ్మిది ఏళ్ళ తర్వాత.

ఈ లెక్క నన్ను చాలాసేపు ఆపింది. మనకి ప్రతిదానికీ డెడ్‌లైన్ ఉంటుంది. సెకండ్ ఇయర్‌లో ఇంటర్న్‌షిప్, ఫోర్త్ ఇయర్‌లో ప్లేస్‌మెంట్. గిటార్‌కి కూడా ముప్పై రోజుల్లో నేర్చుకోండి అని కోర్సులు అమ్ముతారు. ముప్పై రోజుల తర్వాత రాకపోతే లోపం మనలోనే ఉందనుకుంటాం. కళ్ళు లేక బడి వదిలేసిన ఆ పిల్లవాడు కూడా ఎవరో పెట్టిన డెడ్‌లైన్‌తో తనని కొలుచుకుని ఉంటే మనకి ఆ నాదం దక్కేది కాదు. ఆయన పెద్ద పేరు తెచ్చిన పని మొదలైందే మనం సెటిల్ అయిపోవాలనుకునే వయసు దాటాక.

ఆ తర్వాత గుర్తింపులు వరసగా వచ్చాయి. 1941లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు. 1957లో పద్మశ్రీ. వీటికంటే నాకు నచ్చిన సంగతులు రెండున్నాయి, రెండూ 1952లో జరిగినవే. ఆ ఏడాది ప్రపంచం మొత్తం పేరున్న వయొలినిస్ట్ యెహూదీ మెనూహిన్ ఇండియాకి వచ్చాడు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి వాయిద్యం విని ఎంతో మెచ్చుకున్నాడు. యూరప్ నుంచి మద్రాసుకి చేరిన పెట్టె, నూట యాభై ఏళ్ళ తర్వాత, తన సొంత ఇంటివాడికే కొత్తగా వినిపించింది. రెండో సంగతి, అదే ఏడాది ఢిల్లీలో చూపు లేనివాళ్ళ సహాయనిధి కోసం ఆయన ఇచ్చిన కచేరీ.

మన సాధనకి ఇందులో ఏముంది

గిటార్ కొత్తగా పట్టినవాళ్ళకి ఈ జీవితం నుంచి నాకు దొరికినవి చెప్తాను. ఇవి నాయుడు గారు చెప్పిన సూత్రాలు కావు, ఆయన చేసిన పని చూసి నేను తీసుకున్నవి.

మొదటిది, స్క్రీన్ మీద కార్డ్ చార్ట్ ఒకసారి చూశాక ఫోన్ బోర్లా పెట్టేయండి. కళ్ళు మూసుకుని కార్డ్ పట్టండి. వేళ్ళు దారి వెతుక్కుంటాయి. మొదట విసుగొస్తుంది, కానీ పాట మధ్యలో కార్డ్ మారాల్సినప్పుడు కిందకి చూడాల్సిన పని తప్పుతుంది.

రెండోది, కార్డ్ పట్టాక ఒకేసారి గీకేయకుండా ఒక్కో తీగా విడిగా మీటండి. ఆరులో ఏది మోగడం లేదో చెవికి తెలుస్తుంది. ఎఫ్ కార్డ్‌లో చాలాసార్లు తప్పు బలంలో ఉండదు, చూపుడు వేలు ఉన్న చోటులో ఉంటుంది. వేలిని ఫ్రెట్‌కి ఇంకొంచెం దగ్గరగా జరిపి, కొద్దిగా పక్కకి తిప్పితే తక్కువ బలంతోనే మోగుతుంది. బొటనవేలు మెడ వెనక మధ్యలో ఉందో లేదో చూసుకోండి.

మూడోది, వేగం పెంచేముందు ఒక్క కార్డ్‌ని పూర్తిగా మోగేలా చేసి, అది తగ్గిపోయేదాకా వినండి. జి నుంచి సి కి మారడం నెమ్మదిగా, ధ్వని తెగకుండా వస్తే చాలు. అందంగా మోగే రెండు కార్డ్స్, టప్ టప్ మనే పది కార్డ్స్ కంటే బాగా పాడతాయి.

నాయుడు గారు 1964 నవంబర్ 25న చనిపోయారు. కూతురు ద్వారం మంగతాయారు, కొడుకు ద్వారం భావనారాయణరావు ఆయన వయొలిన్‌ని ముందుకి తీసుకెళ్ళారు. విశాఖపట్నంలో ఆయన పేరు మీద కళాక్షేత్రం ఉంది. నూరేళ్ళ సందర్భంగా 1993లో పోస్టల్ స్టాంప్ వచ్చింది. మన ఆంధ్రలోనే పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ తర్వాతి కాలంలో ఇంకో బయటి వాయిద్యాన్ని ఇలాగే మనదిగా మార్చాడు.

ఆయన పాత గ్రామఫోన్ రికార్డులు నెట్‌లో దొరుకుతాయి. ఒక్కోటీ కొద్ది నిమిషాలే. వెనక గరగర శబ్దం ఉంటుంది, రికార్డింగ్ క్వాలిటీ మన ఫోన్ కంటే తక్కువ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లైట్ ఆర్పేసి ఒకటి వినండి. పాట ఏదో తెలియకపోయినా ఫర్వాలేదు. ఒక స్వరం మొదలయ్యే చోట, అది ఆగే చోట ఏం జరుగుతుందో గమనించండి చాలు. ఆ తర్వాత మంచం కింద గిటార్ ఉంటే బయటికి తీసి, దుమ్ము తుడిచి, ముందు శృతి చేయండి.